లెక్కలోకి రాని షెడ్డు

గవర్నర్‌పేటలో షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తుంటే శౌరమ్మ ఒక షాపు మెట్లు దిగుతోంది. లావుపాటి మనిషి. ఉయ్యూరు నుంచి బస్సులో నిలబడే వచ్చింది. పాదాలు అప్పటికే పొంగి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. ముందు కుడికాలు మోపి, గోడ పట్టుకుని, ఎడమకాలు దించుతోంది. సర్కారు సర్వేలకు కాంట్రాక్టు మీద ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకోవడం ఆమె పని. భర్త పోయాక చేపట్టిన ఆ పనిలోనే జుట్టు నెరిసింది. జనం ఆమెను గుమ్మంలో నిలబెట్టే మాట్లాడతారు. కూర్చోమనేవాళ్లు తక్కువ.

ఫోను మోగింది. పై అధికారి జయకృష్ణ. ఆమె సర్వే పేరుతో హమాలీలను ఎగదోస్తోందని షాపులవాళ్లు ఫిర్యాదు చేశారట. రేపటినుంచి ఆ వీధికి వేరే అమ్మాయి వస్తుందన్నాడు. కాంట్రాక్టు ఇక పొడిగించరు. సాయంత్రం మీటింగు మానుకుంటే మంచిదని కూడా చెప్పాడు.

"ఇవాళ్టివరకూ నేనున్నాను గదండీ," అంది శౌరమ్మ.

ఆ మీటింగు కోసం ఆమె వారాల తరబడి తిరిగింది. కిందటి సర్వేలో ఈ వీధిలో కాపురాలే లేవని రాసుకుపోయారు. నిజానికి గోడౌను వెనక రేకుల షెడ్డులో హమాలీల కుటుంబాలున్నాయి. అక్కడ ఉంటున్నట్టు రాస్తే ఖాళీ చేయిస్తారని భయపడి వాళ్లే తలుపులు మూసుకున్నారు. షాపులవాళ్ల భయం వేరు. పనివాళ్ల సంఖ్య బయటపడితే పీఎఫ్ కట్టమంటారని తక్కువ చెప్పారు. దాంతో వీధికి రావాల్సిన ఆరోగ్య కేంద్రం ఇంకోచోటికి పోయింది. హమాలీల మేస్త్రీ లాజరు కోడలు ఆటోలోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు.

ముందు షాపులవాళ్లను ఒప్పించమన్నాడు లాజరు. ముందు హమాలీలను ఒప్పించమన్నాడు వ్యాపారుల సంఘం ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు. చివరికి శౌరమ్మ ఇద్దరినీ ఒకచోటికి రమ్మంది.

సాయంత్రం గోడౌనులో వ్యాపారులు కుర్చీల్లో కూర్చున్నారు, హమాలీలు బస్తాల మీద. శౌరమ్మ మధ్యలో నిలబడింది. ఎవరి పేరూ బయటికి పోదనీ, మొత్తం లెక్క మాత్రమే వెళ్తుందనీ చెప్పింది. నమ్మకం ఏమిటని ఇటువాళ్లూ అటువాళ్లూ ఒక్కసారే అడిగారు. గొంతులు పెరిగాయి. బయటికి వినపడకుండా ఎవరో షట్టరు సగానికి దించారు.

లాజరు లేచి నిలబడ్డాడు. "అక్కా, నీ మాట నమ్ముతాం. రేపు మా షెడ్డు పీకడానికొస్తే నువ్వు అడ్డం నిలబడతావా?"

ఔనంటే అయిపోయేది.

"నేనుండను తమ్ముడూ. రేపట్నుంచి నాకీ ఉద్యోగం లేదు."

లాజరు వెంకటసుబ్బారావు వైపు చూశాడు. ఫిర్యాదు మీద మొదటి సంతకం ఆయనదే. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. హమాలీలు ఒక్కొక్కరే లేస్తున్నారు. శౌరమ్మ ఆపలేదు. ఆపడానికి ఆమె దగ్గర ఏ హామీ మిగల్లేదు.

"కూర్చో లాజరూ," అన్నాడు వెంకటసుబ్బారావు. "షెడ్డు స్థలం నాది. నేనుండగా ఎవరూ పీకరు."

"అందరి ముందూ అంటున్నారు."

"అందుకే అంటున్నా. మరి ఈ లెక్క పట్టుకుని మీరు నామీద కేసుకెళ్తే?"

లాజరు మళ్లీ బస్తా మీద కూర్చున్నాడు. "పీఎఫ్ అడగడం మానమండీ. ఆ గొడవ వేరు. ఈ లెక్కని అందులోకి లాగం."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. అయినా తలూపాడు. రేపు వచ్చే అమ్మాయిని షాపులకు ఎవరు తీసుకెళ్లాలి, షెడ్డులోకి ఎవరు తీసుకెళ్లాలి అని ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ శౌరమ్మ వైపు చూడలేదు. ఆమె ఎవరో లేచివెళ్లిన బస్తా మీద కూలబడింది. ఏడుపు వచ్చేలా ఉంది, ఒళ్లు తేలికపడ్డట్టూ ఉంది.

చీకటి పడకముందే షెడ్డుకు వెళ్లి, సుద్దముక్కతో గుమ్మం పక్క రేకు మీద సర్వే నంబరు వేసింది. బస్టాండులో దింపుతానని లాజరు అంటే వద్దంది. ఉయ్యూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ వీధికి ఆమె మళ్లీ రాలేదు.

మర్నాడు బస్తాలెత్తుకున్న హమాలీలు షెడ్డు దగ్గరికి రాగానే, భుజం రేకుకు రాసుకోకుండా పక్కకు ఒరిగి నడిచారు. సుద్ద అంకెలు తెల్లగా అలాగే ఉన్నాయి.