వెండెల్ కట్టిన మంచె

ఆర్డిస్ మంచి మనిషే గానీ, పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. భర్త వెండెల్ పోయి మూడేళ్లయినా, విస్కాన్సిన్ అడవిలో అతను మేపుల్ చెట్టుకు కట్టుకున్న వేట మంచెను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మంచె నిలవడానికి అతను తన చేత్తో చెట్టు చుట్టూ బిగించిన నైలాన్ పట్టాలు అలాగే ఉండాలంది. ఈసారి నవంబరులో జింకల వేట మొదలయ్యే రోజున అతను కూర్చున్న చోటే తానూ కూర్చోవాలని ఆమె పంతం.

ఆగస్టులో మరిది డెల్మర్ నిచ్చెన మోసుకుని వచ్చాడు. ఏటా వేట ముగియగానే పట్టాలు వదులు చేయాలనీ, చెట్టు లావెక్కుతుంటే అవి తెగిపోతాయనీ అతను చెప్పని ఏడు లేదు. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

నిచ్చెన ఆనించీ ఆనించగానే ఆర్డిస్ ఎక్కబోయింది. డెల్మర్ అడ్డం నిలబడ్డాడు.

"ఆగు వదినా. ముందు ఈ మొక్కజొన్న బస్తా కూర్చుంటుంది. తర్వాత నీ ఇష్టం."

"నేనంత బరువున్నానా?"

"నేనేం అనలేదు."

పై కొమ్మ మీదుగా తాడు వేసి బస్తాను లాగి, మెల్లగా మంచె మీద దించాడు. రెండు క్షణాలు బాగానే ఉంది. ఆ తర్వాత పై పట్టా ఫట్టుమని తెగింది, మంచె ఒరిగింది, బస్తా కింద పడి పగిలి గింజలన్నీ చెట్టు వేళ్ల మధ్య చెల్లాచెదురయ్యాయి.

ఆర్డిస్ ఆ గింజల వంకే చూస్తూ నిలబడిపోయింది. తను గెలిచానన్న సంతోషం డెల్మర్ మొహంలో లేదు, అందుకే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

కింది పట్టా ఇంకా మిగిలే ఉంది. బెరడు దాన్ని సగం మింగేసింది, బిగింపు తుప్పు పట్టి కదలనంటోంది. డెల్మర్ నడుముకు రక్షణ పట్టీ కట్టుకుని కత్తి తీశాడు.

"ఆ పట్టీ నాకియ్యి," అంది ఆర్డిస్. "ఆ పట్టా ఆయన బిగించింది. తీస్తే నేనే తియ్యాలి."

అతను పట్టీని ఆమె నడుముకు కట్టి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి, నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఏడుస్తూనే ఎక్కి, ఏడుస్తూనే కోసింది. పట్టా ఊడిన చోట చెట్టు చుట్టూ లోతైన గాడి పడింది. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించింది.

అదే చెట్టుకు, అదే ఎత్తున కొత్త మంచె కట్టారు. నవంబరులో ఆర్డిస్ అక్కడ కూర్చుంది. జింక రాలేదు, ఆమె పెద్దగా ఎదురుచూడనూ లేదు.

వేట ముగిసిన మర్నాడు పట్టాల సంగతి గుర్తుచేద్దామని డెల్మర్ ఫోన్ చేశాడు. అప్పటికే వాటిని వదులు చేసి వచ్చి, ఆర్డిస్ పొయ్యి మీద కాఫీ పెట్టుకుంటోంది.