ఎర్రదీపం లొల్లి

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా ఆయన నడిపే టాక్సీ నా బిడ్డను ఎక్కించుకుని పోతుండగా నయాపూల్ వంతెన మీద బిగుసుకుపోతుందని. ఇంజన్‌లో నూనె అయిపోతే చక్రాలు ఉన్నచోటే పట్టేస్తాయట. వెనక లారీ ఉంటే? ఈ 'ఉంటే' దగ్గరే రోజూ నా ఆలోచన ఆగిపోతుంది. బియ్యం ఏరుతున్నా అదే, మంగకు జడ వేస్తున్నా అదే.

ఆ మధ్యాహ్నం ఆయన ఖాకీ చొక్కా ఉతకబోతూ జేబు తిరగేశాను. బీడీ ముక్కలతో పాటు గురివింద గింజంత బల్బు అరచేతిలో పడింది. చూడగానే గుర్తుపట్టాను. స్టీరింగు ముందు ఎర్రగా వెలిగేది అదే.

ఆ దీపం మా ఇంట్లో ఓ మనిషి లాంటిది. పొద్దున ఆయన తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. బడికి పోతూ ముందు సీట్లో కూర్చునే మంగ "నాయినా, దీపం పెట్టినవ్!" అని, వెంటనే "దీపం పోయె!" అని చప్పట్లు కొడుతుంది. బండి నడుస్తుండగా వెలిగిందంటే మాత్రం నూనె తక్కువైనట్టు. కొన్నాళ్ళుగా అది మాటిమాటికీ వెలుగుతోంది. ఆయన నూనె పోస్తాడు, ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. "పాత బండి. దానికదే వెలుగుతది" అంటాడు.

నూనె ఎటు పోతోందో నాకు తెలుసు. రాత్రంతా బండి ఉండేది మా వాకిట్లోనే. అది కదిలాక కల్లాపి చల్లేది, ముగ్గు వేసేది నేనే. రోజూ ఒక నల్లటి మరక నా ముగ్గును మింగేస్తుంది. ఆ మాట చెబితే, "నువ్వు ముగ్గు సంగతి చూసుకో" అన్నాడు. సరే, ముగ్గు సంగతే చూశాను. ఒక సాయంత్రం బండి రాగానే ఇంజన్ కింద చాటంత మేర ముగ్గుపిండి పరిచాను. తెల్లారి చూస్తే తెల్లటి పిండిలో ఒకేచోట నల్లటి గుంట. సరిగ్గా దాని పైన, నూనెతొట్టి అడుగున ఒక బోల్టు. దాని అంచున ఇంకో చుక్క వేలాడుతోంది.

చెబితే మా అత్త నాగమణమ్మ పడీపడీ నవ్వింది. "ఏడో తరగతిల బడి బందు పెట్టిన పిల్ల ఇంజన్ ముచ్చట చెప్తాందిరా ఎల్లయ్యా! ఇగ రేపటిసంది స్టాండుకు దీన్నే తోలు. నువ్వు ఇంట్ల పప్పు రుబ్బు." ఆయనా నవ్వాడు. ఆ మర్నాడు మంగ, "నాయినా, దీపం పెట్టలే" అంటే, "దానికి నయమైంది బిడ్డా" అన్నాడు.

ఆ నయం ఇప్పుడు నా అరచేతిలో ఉంది. అన్నం తిని మంచమెక్కిన ఆయన ముందు చెయ్యి చాపాను.

"గిది నీ జేబుల దొరికింది."

"నేనే పీకేసిన. ఎక్కినోడల్లా 'ఎర్రలైటు ఏంది భాయ్' అని నా పానం తింటుండు. ఇప్పుడు సూడు, లొల్లి బందయింది."

"నూనె కారుడు బందయిందా?"

"నీకెప్పుడు ఫికరే. నీ ఫికర్‌కు గూడ ఒక బల్బుంటే పీకేద్దును." అటు తిరిగి పడుకున్నాడు.

లొల్లి బందయింది. ఈ మాట ముందే విన్నాను. మా ఆయనకు అన్న అయ్యే బాబురావు పెళ్ళాం నీలమ్మక్క దబీర్‌పురా నుంచి కమిలిన మోచెయ్యి కొంగుతో కప్పుకుని వచ్చి, మా పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చేది. అత్త ఒకనాడు వెళ్ళి, ఇంటి ముచ్చట గడప దాటొద్దని చెప్పి వచ్చింది. ఆ తర్వాత అక్క మళ్ళీ రాలేదు. ఎట్లా ఉందని అడిగితే అత్త, "నీలమ్మ లొల్లి బందయింది. మంచిగనే ఉంది" అంది. బల్బును కొంగున ముడివేసుకుని వాకిట్లోకి వచ్చాను.

అత్త కునుకు తీస్తోంది. డిక్కీలోంచి పానా తీసుకుని బండి కిందికి దూరాను. ఇంజన్ వేడి పొయ్యిలా ముఖానికి కొట్టింది. ఇంత ఇనుమూ మీద పడితే? పానా జారి వేలు చీరుకుంది. మళ్ళీ పట్టి ఊపిరి బిగబట్టి తిప్పాను. బోల్టు కొంచెం, ఇంకొంచెం బిగిసింది. కొంగుతో తుడిచి చూస్తూ పడుకున్నాను. చుక్క రాలేదు. పైకి లేచి, స్టీరింగు కింద వేలాడుతున్న వైరుకు బల్బు తొడిగి, దాని చోట్లోకి నెట్టాను.

పొద్దున మంగ అరిచింది, "దీపం పెట్టినవ్!"

ఆయన చెయ్యి తాళం మీదే ఆగింది. "ఎవరు పెట్టిన్రు గిది?"

"నేనే. బోల్టు గూడ బిగించిన. మళ్ళ కారితే అదే చెప్తది. ఇంకోపాలి పీకితే నా బిడ్డ నీ బండెక్కది."

గడపలో అత్త నోరు తెరిచింది. ఆయన నా వేలికి కట్టిన గుడ్డను చూశాడు. తాళం ఇంకాస్త తిప్పాడు. "దీపం పోయె!" అంది మంగ.

సందు మలుపు తిరిగేదాకా బండినే చూశాను. భయం పోలేదు. బోల్టు మరలు అరిగి ఉంటే మళ్ళీ కారుతుంది. కారితే వెలుగుతుంది. అంతవరకు చాలు.

దబీర్‌పురా పేరెత్తితే అత్త గడపకు అడ్డంగా కూర్చుంటోంది. ఎన్నాళ్ళు కూర్చుంటుందో చూస్తాను. ఈలోగా మీలో ఎవరైనా అటు పోతే, రైల్వేస్టేషను వెనక సందు, నీలిరంగు తలుపు. నీలమ్మక్కను పిలవండి. లోపలినుంచి "మంచిగనే ఉన్న" అని వినబడితే తిరిగి రాకండి. తలుపు తీయించి, ఆమె ముఖం చూసి రండి.