గడప దగ్గర ఆగిన నీళ్ళు

రెండు నెలలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, మిషనక్క చేతులకు రబ్బరు తొడుగులు తొడుక్కుని వాకిట్లోకి చూస్తూ కూచునేది. పక్కన రెండు ఖాళీ బకెట్లు, మడిచిపెట్టిన మందపాటి తువ్వాలు ఉండేవి. ఆ పూట కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసేది. మిగతా రోజుల్లో ఆ మిషను చప్పుడు కాసేపు ఆగిందంటే ఇరుగుపొరుగువాళ్ళు కంగారుపడి తొంగిచూసేవాళ్ళు. బడి యూనిఫారాలనీ, కర్టెన్లనీ, పొట్ట పెరిగినవాళ్ళ ప్యాంట్లనీ ఆమెకు ఊపిరాడనంత పని.

ఆ ఆదివారాలు చర్చిలో బాప్తిస్మం ఇచ్చే ఆదివారాలు. వేదిక ముందున్న చెక్క పలకలు తీసి, కింది సిమెంటు తొట్టిని నడుం లోతుకి నింపేవారు. అందులో దిగేవాళ్ళ తెల్ల అంగీలన్నీ మిషనక్క కుట్టినవే. తడిసినా ఒంటికి అతుక్కోకుండా లోపల రెండో పొర వేసేది. నీళ్ళలో దిగగానే అంగీ గొడుగులా పైకి లేవకుండా అంచు మడతలో సన్నటి సీసపు గుళ్ళు పెట్టి కుట్టేది. నీళ్ళలో దిగే మనిషికి ఏమేం కావాలో ఆమెకు తెలిసినంతగా ఆ సంఘంలో ఇంకెవరికీ తెలియదు. ఆమె మాత్రం ఒక్కసారీ దిగలేదు.

బాప్తిస్మాలు అయ్యాక, పదకొండు దాటుతుండగా, తొట్టిలో నీళ్ళు కొన్ని గట్టు దాటి బయల్దేరేవి. పక్క తలుపు సందులోంచి బయటికొచ్చి, మూడు మెట్లు దిగి, రోడ్డు వారగా పారుతూ వచ్చేవి. మలుపు దగ్గర బస్సు వస్తుంటే ఆగేవి. సైకిలు షాపతను తన పానాలూ పంపులూ పక్కకి జరిపి దారిచ్చి, "వచ్చేస్తున్నాయి మిషనక్కా" అని కేకేసేవాడు. నీళ్ళు ఆమె ఇంటి రెండు మెట్లూ ఎక్కి గడప దగ్గర ఆగిపోయేవి. పిలవని ఇంట్లో అడుగుపెట్టని మర్యాద వాటిది.

మొదటిసారి, పదిహేడేళ్ళ కిందట, చర్చిలోనే వెనక బల్ల మీద కూచున్న ఆమె కాళ్ళ దాకా వచ్చాయి. అందరూ చూస్తున్నారని ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అప్పట్నుంచి బాప్తిస్మం రోజున చర్చికి వెళ్ళడం మానేసింది. నీళ్ళు ఇంటికి రావడం మొదలుపెట్టాయి. సంఘంలో ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. పిల్లి ఒకరింటికి అలవాటు పడినట్టు ఈ నీళ్ళు మిషనక్కకు అలవాటు పడ్డాయనుకుని ఊరుకున్నారు. సంఘపెద్దకు మాత్రం తొట్టిలో నీటిమట్టం తగ్గుతుందని బెంగ. ఆ బెంగ కూడా ఆమె తీర్చేసింది. గడప దగ్గర నీళ్ళను తువ్వాలుతో అద్ది, బకెట్లలో పిండి, మోసుకెళ్ళి మళ్ళీ తొట్టిలో పోసేది. సంఘపెద్ద స్కేలు పెట్టి చూస్తే గీత దగ్గరే ఉండేది. "నమ్మకమంటే మిషనక్కది" అని అందరి ముందూ మెచ్చుకునేవాడు.

అద్దే ముందు మాత్రం ఆమె కాసేపు గడప పక్కన చతికిలబడి ఆ నీళ్ళను చూసేది. తొడుగున్న చెయ్యి నీళ్ళ మీద అంగుళం ఎత్తున ఆపేది. నీళ్ళు ఆ చేతి కిందికి చేరి కొద్దిగా ఉబ్బేవి. ఒక్కసారి తొడుగు తీసి ముంచితే చాలని ప్రాణం కొట్టుకునేది. ముంచేది కాదు. ముక్కు ఎగబీల్చి తువ్వాలు అందుకునేది.

పాస్టరుగారు ఏటా ఒకసారి అడిగేవారు. "ఈసారి నీకు నువ్వు ఒక అంగీ కుట్టుకోకూడదూ?"

"ఇంకా తయారవలేదు అయ్యగారూ" అనేది.

"నువ్వా, అంగీనా?"

నవ్వేసి, చర్చి కిటికీల కర్టెన్లు ఉతకాల్సి ఉందంటూ మాట మార్చేది. ఊడ్చడం, ఉతకడం, జబ్బు పడినవాళ్ళకు అన్నం మోసుకెళ్ళడం, ఏ పని చెప్పినా కాదనేది కాదు. వేరేవాళ్ళ సంగతైతే ఆమెకు నమ్మకం ఇట్టే కుదిరేది. సగం జీవితం తాగుడికి తగలేసిన ప్లంబరు, దేవుడు తనని క్షమించాడని చెప్పి ఏడిస్తే, ఆమె కూడా నమ్మి ఏడ్చింది. తన దగ్గరికొచ్చేసరికే ఆ నమ్మకం చాలేది కాదు.

ఆ ఏడు పాస్టరుగారు సేవ నుంచి విరమించుకుంటున్నారు. వచ్చే నెల కొత్తాయన వస్తాడు. వీడ్కోలు కోసం వేదిక వెనక కొత్త తెర కడతానని మిషనక్క స్టూలెక్కింది. ఎవరైనా వచ్చి పట్టుకునేదాకా ఆగవచ్చు కదా, ఆగలేదు. కిందపడింది. కుడికాలు మడమ పైన విరిగింది. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు, కట్టు తడవకూడదు అన్నాడు డాక్టరు. తమ్ముడు ఆమెను కుర్చీలో కూచోబెట్టి, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టి, వ్యాను డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. పక్క వాటాలోంచి మరదలు వచ్చి అన్నీ చూసుకునేది.

పాస్టరుగారు ఇచ్చే ఆఖరి బాప్తిస్మం ఆదివారం వచ్చింది. మిషనక్క పొద్దుటినుంచీ మరదల్ని కూచోనివ్వలేదు.

"తొడుగులు వేసుకో. బకెట్లు తుడిచావా? వంగేటప్పుడు జుట్టు ముడేసుకో, వెంట్రుక పడుతుంది."

"పదకొండింటికి కదా వదినా వచ్చేది. ఇంకా తొమ్మిదిన్నరే. కాసిన్ని టీ నీళ్ళు తాగనీ" అంది మరదలు.

ఆమె టీ తాగడం పూర్తికాలేదు. "మిషనక్కా, వచ్చేస్తున్నాయి! ఈసారి చాలా ఉన్నాయి" అని సైకిలు షాపతను అరిచాడు.

రోడ్డుకు ఆ వార నుంచి ఈ వార దాకా, మోకాలెత్తున, నీళ్ళు మెల్లగా నడిచి వచ్చినట్టు వచ్చాయి. బస్సే ఆగి దారిచ్చింది. మెట్లెక్కి, గడప ముందు గుంపుగా నిలబడ్డాయి. లోపలికి చుక్క కూడా రాలేదు. మరదలు వంగి తువ్వాలు ముంచింది. తీసి పిండబోయింది. తువ్వాలు పొడిగా ఉంది. మళ్ళీ ముంచింది.

"నాకు అంటడం లేదు వదినా."

"సరిగ్గా అద్దవే. గట్టిగా నొక్కు."

"ఇంకెంత నొక్కను? చెయ్యి పడిపోతోంది."

ఈలోగా పాస్టరుగారు వచ్చారు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. ఒంటి మీద తడి మచ్చ కూడా లేదు. నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి మెట్టు మీద నిలబడ్డారు.

"నలుగురు తెల్ల అంగీలు వేసుకుని ఖాళీ తొట్టిలో నిలబడున్నారు తల్లీ" అన్నారు. "నేను చెయ్యి ఎత్తి ప్రార్థన మొదలుపెట్టానో లేదో, మొత్తం నీళ్ళు లేచి వచ్చేశాయి. సంఘపెద్ద స్కేలు పట్టుకుని కొయ్యబారిపోయాడు."

నలుగురి బాప్తిస్మం, అందులోనూ అయ్యగారి ఆఖరిది, తన మూలంగా ఆగిపోయింది. మిషనక్క కట్టు కాలు స్టూలు మీంచి దించి, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. "తువ్వాలు ఇటివ్వవే. పాక్కుంటూ అయినా నేనే తోడిపోస్తాను. అయ్యగారూ, ఒక్క పావుగంట ఆగండి."

"కూచో" అన్నారు పాస్టరుగారు. ఎప్పుడూ ఆమెతో అంత గట్టిగా మాట్లాడలేదు. ఆమె కూచుండిపోయింది. మరదలు కట్టు కాలు మళ్ళీ స్టూలు మీద పెట్టింది. చెయ్యడానికి పని లేకుండా అలా కూచోవడం ఆమెకు చేతకాదు. ఒళ్ళో రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కదిలాయి.

"ఊడ్చమంటే ఊడ్చావు. కుట్టమంటే కుట్టావు. నువ్వు కాదన్న పని నాకు ఒక్కటీ గుర్తులేదు" అన్నారాయన, మెట్టు మీద నీళ్ళలోనే కూచుంటూ. "దేవుడు రమ్మన్న మాట ఒక్కటే నువ్వు వినలేదు. నువ్వు రావడం లేదనే కదా ఇవి ఇలా వస్తున్నాయి."

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

"ఉన్న మొహంతోనే రా. ఇంకోటి కుట్టించుకుంటావా?"

మరదలికి నవ్వొచ్చింది గానీ, వదిన మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిషనక్క ఏడుస్తోంది.

"మా అమ్మ పోయిన రోజు మీకు తెలుసు అయ్యగారూ. ఎలా పోయిందో తెలియదు. మంచాన పడి అప్పటికి ఎనిమిది నెలలు. తమ్ముడు పనిలో ఉన్నాడు. మధ్యాహ్నం రెండవుతోంది. మూడు రోజులుగా నాకు కునుకు లేదు, అవతల పెళ్ళివారి బట్టలు. దాహంగా ఉందే, నీళ్ళివ్వమంది. వస్తున్నానమ్మా, ఈ ఒక్క కుట్టూ అయిపోనీ అన్నాను. మిషను మీద తల వాల్చాను. అంతే. కళ్ళు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మ చెయ్యి మంచం మీంచి కిందికి, కుండ వైపు చాపి ఉంది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రోజు నుంచి పగలు నేను కన్ను మూయలేదు. కన్నతల్లికి గుక్కెడు నీళ్ళివ్వలేదు. నా కోసం ఇన్ని నీళ్ళు నడిచి వస్తే తాకడానికి నాకు సిగ్గుండొద్దూ? ఎంత చాకిరీ చేస్తే ఆ ఒక్క గ్లాసుకి సరిపోతుందో మీరే చెప్పండి, చేస్తాను."

మరదలు తువ్వాలు పట్టుకుని గోడకి ఆనుకుపోయింది. గడప ముందు నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి.

"ఎంత చేసినా సరిపోదమ్మా" అన్నారు పాస్టరుగారు. "సరిపోతుందని నేను చెబితే అది అబద్ధం. నీ దగ్గర ఏమీ అడగకుండానే వచ్చాయి ఇవి, పదిహేడేళ్ళ నుంచి. నువ్వు తుడిచి వెనక్కి పంపిస్తున్నావు."

"నాకు నమ్మకం చాలట్లేదు అయ్యగారూ."

"నోరు పెగిలేంత ఉంటే చాలు."

మిషనక్క గడప వైపు చూసింది. చిన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, అమ్మ లోపలికి పిలుస్తుందో లేదోనని తను ఎదురుచూసిన రోజు ఒకటి గుర్తొచ్చింది. ఇంత కాలం అవతల నిలబడి ఎదురుచూస్తున్నది తను కాదు, ఆ నీళ్ళేనని అప్పుడు తెలిసింది.

"రా" అంది. వినపడనంత మెల్లగా అంది. "లోపలికి రా."

నీళ్ళు గడప దాటాయి. ఒక్కసారిగా మీద పడలేదు. గదంతా నెమ్మదిగా పరుచుకుని, మంచం కిందికీ మిషను కిందికీ వెళ్ళి, దారపు ఉండల్ని పైకి తేల్చి, ఆమె ఎడమ పాదం చుట్టూ చేరాయి. ఆమె తొడుగులు లాగి పారేసి రెండు చేతులూ ముంచింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఒడి దాకా, భుజాల దాకా లేచాయి.

"కట్టు తడుస్తుంది, డాక్టరు తిడతాడు" అని కంగారుపడింది మరదలు.

స్టూలు చుట్టూ నీళ్ళు పక్కకి తొలగి, కట్టు కాలికి పొడిగా చోటు వదిలాయి. పాస్టరుగారు ఆమె తల వెనక ఒక చెయ్యి, భుజం మీద ఒక చెయ్యి వేశారు. మెడలో టేపు వేలాడుతుండగా, కట్టుకున్న నేత చీరలోనే, కుర్చీలోనే, తండ్రి పేరిట, కుమారుని పేరిట, పరిశుద్ధాత్మ పేరిట ఆమెను ముంచి లేపారు. లేచాక ఆమె దోసిలితో నీళ్ళు తీసుకుని తాగింది. తాగి, "అమ్మా" అంది.

తొట్టిలో నిలబడి విసిగిపోయిన నలుగురూ అంగీలతోనే వీధిలో నడిచి వచ్చారు. వాళ్ళకూ ఆ గదిలోనే బాప్తిస్మం అయింది. సంఘపెద్ద స్కేలు జేబులో పెట్టుకుని, తేలుతున్న దారపు ఉండల్ని ఏరి గూట్లో పెట్టాడు. ఒంటి గంటకల్లా నీళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. నేల ఆరిపోయింది. మరదలు వదిన బట్టలు మార్చి, మంచం మీద పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టింది.

రెండు గంటలప్పుడు యూనిఫారం లంగా పొడుగు చేయించుకోవడానికి ఒకావిడ వచ్చి తలుపు కొట్టింది. మరదలు పరుగున వచ్చి తలుపు ఓరగా తెరిచి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండి. మా వదిన నిద్రపోతోంది."