నోట్లో మేకులు

మూడో పట్టీకి వచ్చేసరికి మేస్త్రి నోట్లో ఐదు మేకులు మిగిలాయి. ఒక్కొక్కటే పెదవుల మధ్య నుంచి తీసి, తలుపు చట్రానికీ గోడకీ మధ్య సందు కనబడకుండా కప్పే సన్నటి చెక్కపట్టీలోకి దిగగొడుతున్నాడు. ముప్పయ్యేళ్లుగా ఇదే పని. ఇంటికొచ్చినవాళ్లు తలుపు చూస్తారు, గోడ రంగు చూస్తారు, ఈ పట్టీని చూసి మెచ్చుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. వంకరపోతే మాత్రం గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది.

పట్టీని గోడకు అదిమి పట్టుకున్నది మేస్త్రి బావమరిది. అతని సొంత పేరు తోడబుట్టిన అక్కే మర్చిపోయిందేమో, అందరూ రేడియో అనే పిలుస్తారు. మేస్త్రి నోరు మేకులతో నిండి ఉంటుంది కనక ఇద్దరి మాటలూ తనే మాట్లాడతాడు. చెమట మరక చెక్కకు అంటకుండా, పాత రబ్బరు చెప్పు నుంచి కోసుకున్న ముక్క ఒకటి అరచేతి కింద పెట్టుకుంటాడు. మేస్త్రి ఒకసారి ‘ఊ’ అంటే గట్టిగా పట్టుకోవాలి. రెండుసార్లు అంటే వదిలెయ్యాలి. ఇరవై రెండేళ్లుగా వాళ్ల మధ్య పని సంగతులన్నీ దాంతోనే తెమిలిపోతున్నాయి.

ఇవాళ మేస్త్రికి పని సాగడం లేదు. ఒక మేకు వంగితే పీకాడు. రెండోదీ వంగింది. సుత్తి కింద పెట్టి కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

“ఏంటి బావా, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు? అక్క ఏమైనా అందా?” అన్నాడు రేడియో.

అక్క అన్న మాట నిజమే. అంతకు ముందు కాంట్రాక్టరు కూడా అన్నాడు. “ఎల్లుండి నుంచి గదికి ఒక్క మనిషే. మేకులు కొట్టే బ్యాటరీ గన్ను కొనుక్కో. ఒక చేత్తో పట్టీ పట్టుకో, ఇంకో చేత్తో కొట్టుకో. నీ వల్ల కాదంటే గన్ను ఉన్నవాణ్ణే పెట్టుకుంటా,” అని నిన్న సాయంత్రం తేల్చేశాడు. పొద్దున అన్నం గిన్నె చేతికిస్తూ భార్య గట్టిగా చెప్పింది. “మా తమ్ముడికి మీరే చెప్పండి. ఇంకొకళ్ల నోట విన్నాడంటే జన్మలో నా గుమ్మం తొక్కడు.” అప్పట్నుంచి మేస్త్రి మింగలేకా కక్కలేకా ఉన్నాడు. మేకులు ఒక రకంగా మేలే చేశాయి. అవి నోట్లో ఉన్నంతసేపు ఏమీ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఇద్దరూ పనిముట్ల కొట్టుకి వెళ్లారు. మణికట్టు నొప్పి కోసం గన్ను కొంటున్నానని మేస్త్రి చెప్పాడు. నొప్పి ఉన్నమాట అబద్ధం కాదు, అందుకే చెప్పడం తేలికైంది.

కొట్టతను బల్ల మీద రెండు గన్నులు పెట్టాడు. వైర్లు లేవు, గాలి గొట్టాలు లేవు, పిడి కింద బ్యాటరీ ఒక్కటే. పెద్దది లావు మేకులు కొడుతుంది, బరువైన చట్రాలకు పనికొస్తుంది. చిన్నదాని మేకులు సన్నం, పట్టు కాస్త తక్కువే గానీ పట్టీ చీలదు, చిల్లు చిటికెడు పుట్టీతో పూడిపోతుంది. మేస్త్రి పెద్దదాన్నే అందుకున్నాడు. బరువుంటేనే పనిముట్టని అతని నమ్మకం.

“కొట్టి చూడండి,” అంటూ కొట్టతను ఒక చెక్కనీ పట్టీనీ నిలబెట్టాడు.

మేస్త్రి గన్ను ఎత్తాడో లేదో, రేడియో జేబులోంచి చెప్పుముక్క తీసి పట్టీని అదిమి పట్టుకున్నాడు. కొట్టతను పకపకా నవ్వాడు.

“మీరు వదిలెయ్యండి బాబాయ్! పట్టుకోవడానికి ఇంకో మనిషి అక్కర్లేకపోవడమే కదా దీని గొప్ప!”

రేడియో చెయ్యి తియ్యలేదు. బావ మొహంలోకి చూశాడు. మేస్త్రి నోట్లో ఒక్క మేకూ లేదు, అయినా మాట పెగల్లేదు. కాసేపటికి రేడియోనే చెయ్యి తీసుకుని ముక్కని జేబులో పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదని మేస్త్రికి అనిపించింది.

తర్వాత రేడియో రెండు గన్నుల్నీ ఒక్కొక్కటిగా తల మీదికెత్తి, ఒంటిచేత్తో చాలాసేపు పట్టుకుని చూశాడు.

“పెద్దదొద్దు బావా. తలుపు పైపట్టీ కొట్టేటప్పుడు ఇట్లా ఎత్తి ఉంచాలి, ఒక్కడివే. నీ మణికట్టు ఆగదు. చిన్నది తీసుకో. మూతికి రబ్బరు తొడుగు కూడా ఉంది, చెక్క మీద గాటు పడదు.”

చిన్నదే కొన్నారు.

తిరిగొచ్చాక, పొద్దుగూకేదాకా పట్టే పని రెండు గంటల్లో అయిపోయింది. టక్కుమంటే ఒక మేకు. రేడియో ఆ గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక, ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చాడు. సంచి సర్దుకున్నాడు, విప్పాడు, మళ్లీ సర్దుకున్నాడు. జేబులోంచి చెప్పుముక్క తీసి కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

“పెయింటరు పుట్టీ పనికి మనిషి కావాలన్నాడు బావా. రేపట్నుంచి వస్తానన్నాను. నువ్వేమీ అనుకోకు. అక్కకి నేనే చెప్తాలే.”

ఆ పెయింటరు పోయిన వారమే పని ముగించుకుని వెళ్లిపోయాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కాంట్రాక్టరు మాట, పొద్దుట్నుంచీ దాచినందుకు సిగ్గు, ఇన్నేళ్లూ తన పట్టీ ఒక్కటీ వంకరపోకపోవడానికి కారణం ఎవరన్నదీ.

“ఊ,” అన్నాడు. ఒక్కసారే.

గుమ్మంలో రేడియో ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే పక్కనున్న పట్టీ మీదికి వెళ్లి అదిమింది. అలాగే నిలబడ్డాడు.

“రెండోది కూడా అను బావా,” అన్నాడు చివరికి. “బస్సు పోతుంది.”

మేస్త్రి గోడవైపు తిరిగాడు. రెండోది అనలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ దిగేవాడు, ఇవాళ ఉత్త అడుగుల చప్పుడే.

కిటికీ గట్టు మీద, గన్ను తాలూకు ఖాళీ పెట్టె పక్కన, చెప్పుముక్క ఉండిపోయింది, నాలుగు వేళ్లు అదిమిన చోట నాలుగు గుంటలతో.