పద్నాలుగో అంశం

పోయిన ఏడాది మార్చి మొదటి మంగళవారం, మా ఊరి వార్షిక సభలో, నా భార్య విన్నీ మాట మధ్యలో ఆగిపోయింది. ఆపేశారు. అక్టోబరులో గుండె ఆగి ఆమే పోయింది. నాకు మాత్రం ఆమె పోయింది మార్చిలోనే అనిపిస్తుంది.

ఆ రోజు సభ పొద్దున తొమ్మిదికి మొదలైంది. సరస్సు ఒడ్డు బంగళాల వాళ్లు పడవల రేవు గురించి గంటన్నర మాట్లాడారు. పూలకుండీల గురించి ముప్పావు గంట. మధ్యాహ్నం చర్చి ఆడవాళ్లు వండిన చిక్కుడు గింజలు తిన్నాం. రెండున్నరకు కుర్చీల ఫ్యాక్టరీ కూత వేసింది. చక్రాల ఇళ్లలో బతికే ట్రైలర్ పార్కు వాళ్లలో సగం మంది షిఫ్టుకి లేచి వెళ్లారు. అప్పుడు వచ్చింది పద్నాలుగో అంశం: మిల్లు వీధి చివర ఆగిపోయిన మంచినీళ్ల పైపును పార్కు దాకా పొడిగించడం. ఏటా అది ఆఖరునే వస్తుంది. ఏటా ఆ కూత తర్వాతే వస్తుంది.

విన్నీ ఆ పార్కులో పుట్టిన మనిషి. లేచి, సరస్సు ఒడ్డు వాళ్ల పెద్ద గార్లండ్ వైపు తిరిగింది.

"పార్కు బావిలో నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. గార్లండ్ గారూ, ఆ నీళ్లు మీ మనవరాలికి..."

అధ్యక్షుడు లైమన్ థ్రాల్ చెక్క సుత్తి కొట్టాడు. "మర్యాదమ్మా, మర్యాద! మాట్లాడితే అధ్యక్షుడితో మాట్లాడాలి. ఎదుటి మనిషిని అడగకూడదు."

ఆమె మళ్లీ గార్లండ్ వైపే తిరిగింది. కానిస్టేబుల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పక్కనున్న పార్కు స్నేహితురాలు కొరీన్ లబౌంటీ తోడుగా లేచి రెండో చెయ్యి పట్టుకుంది. మిగిలిన పార్కు వాళ్లంతా కోపంతో వాళ్ల వెంట బయటికి నడిచారు. సగం ఖాళీ అయిన హాల్లో పద్నాలుగో అంశం నిమిషంలో వీగిపోయింది.

నేను కూర్చునే ఉన్నాను. విన్నీ కోటు నా ఒళ్లో ఉంది. బయట మంచు పడుతోంది.

మెట్ల మీద ఆమెకు తన కోటు కప్పింది కొరీన్. ఆ తర్వాత విన్నీ సాయంత్రాలన్నీ కొరీన్ ట్రైలర్‌లోనే గడిచాయి. నవ్వంతా అక్కడ నవ్వేసి, అలసట ఇంటికి తెచ్చేది. కొరీన్‌ని చూసి నేను కుళ్లుకున్నాను. ఇంతకంటే గౌరవమైన మాట కోసం వెతికాను, దొరకలేదు.

ఈ ఫిబ్రవరిలో కొరీన్ నన్ను కబురుపెట్టి పిలిచింది. ఆమె వంటగదిలో పదిహేను మంది ఇరుక్కుని కూర్చున్నారు. గోడకి విన్నీ ఫోటో ఉంది. ఆ ఫోటో నేనెప్పుడూ చూడలేదు.

"ఈసారి ఆ సుత్తి లాక్కుని పొయ్యిలో పడేద్దాం," అన్నాడు లారీలు తోలే రోలీ.

"పడేసి జైల్లో కూచో. పైపు నీ బాబు వేస్తాడు," అంది కొరీన్. "విన్నీ ఏమనేదో గుర్తుందా? మనం కేకలేసినప్పుడల్లా వాళ్లకి పండగే అనేది."

నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. మళ్లీ కడుపు మండింది. ఆ మంటలోనే నోరు తెరిచాను.

"అంశాల వరస మార్చమని ఏ ఓటరైనా అడగొచ్చు. సభ మొదట్లోనే అడగాలి. అధ్యక్షుడు కాదంటే, ఆయన తీర్పు మీద సభ ఓటు అడగొచ్చు."

అందరూ నా వైపు తిరిగారు.

"ఇది ఎప్పట్నించి తెలుసు మాస్టారూ?" అంది కొరీన్.

"ఇరవై ఆరేళ్లుగా. ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను."

"విన్నీ అడగలేదా మిమ్మల్ని?"

"అడిగింది. లైమన్ నాకు ఉద్యోగమిచ్చిన హెడ్మాస్టరు. ఆయన్ని అందరి ముందూ ఎదిరిస్తే మర్యాద కాదన్నాను."

ఎవరూ తిట్టలేదు. రోలీ లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు. "కూచోండి సార్. ఆ వరస మార్చేదేదో మాక్కూడా పాఠం చెప్పండి. కొంచెం నెమ్మదిగా చెప్పాలి, నేను మీ క్లాసులో ఫెయిలైన వాణ్నే."

మూడు వారాలు చెప్పాను. బళ్లో నా విద్యార్థులారా, క్షమించండి, అంత శ్రద్ధగా విన్న క్లాసు నాకింకోటి లేదు.

ఈ మార్చి సభలో గంట కొట్టగానే చెయ్యెత్తాను. లైమన్ నవ్వాడు. "ఏం ప్రాట్ మాస్టారూ, పూలకుండీలా?"

"పద్నాలుగో అంశం ముందు తీసుకోవాలి."

"అది మన ఊరి పద్ధతి కాదు. కూర్చోండి."

"మీ తీర్పు మీద సభనే అడుగుతున్నాను," అన్నాను.

"నేను బలపరుస్తున్నా!" రోలీ కేకకి కిటికీలు అదిరాయి.

అవుననేవాళ్లు కిటికీల వైపు, కాదనేవాళ్లు స్టవ్ వైపు నిలబడ్డారు. తలలు లెక్కపెట్టారు. అవునని నూట పద్దెనిమిది, కాదని నూట తొమ్మిది. ఆ లెక్క లైమన్ రెండుసార్లు చదివాడు.

చర్చ మొదలైంది. పార్కు వాళ్లు ఓపిక పట్టాలనీ, సభ్యత నేర్చుకోవాలనీ గార్లండ్ మెత్తగా ఇరవై నిమిషాలు చెప్పాడు. సుత్తి కదల్లేదు. కొరీన్ లేచింది. అధ్యక్షుడి వైపు చూసి మాట్లాడమని నేర్పాను, చూడలేదు. గార్లండ్‌నే చూసింది.

"ఆ నీళ్లు మీ మనవరాలికి తాగిస్తారా?"

ఏడాది పాటు గాలిలో వేలాడిన వాక్యం పూర్తయింది. పూర్తి చేసింది నేను కాదు.

సుత్తి పడింది. కానిస్టేబుల్ వచ్చాడు. హాలంతా కుర్చీలు కిర్రుమన్నాయి. రోలీ సగం లేచాడు. లైమన్ తలుపు వైపు చూస్తున్నాడు. మేమంతా బయటికి పోవాలని ఎదురుచూస్తున్నాడని అప్పుడర్థమైంది.

"ఎవ్వరూ లేవొద్దు!" అరిచింది కొరీన్. "లేచారో, పోయినేడు కథే! కూచోండి! మాస్టారూ, మీరూనూ!"

తన కోటు నా ఒళ్లోకి విసిరింది. కానిస్టేబుల్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

పోయిన ఏడాది భయంతో కూర్చున్న కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాను. కాళ్లు లేవమన్నాయి. ఆమె వెంట వెళ్లాలని, ఆ చెయ్యి నన్ను కూడా పట్టుకోవాలని ఎంత అసూయపడ్డానో చెప్పలేను. నాతో కలిపి నూట పదిహేడు మందిమి పళ్లు బిగబట్టి కూర్చున్నాం. ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు, కొరీన్‌ది తప్ప. ఓటింగు వచ్చింది. తొమ్మిదికి బదులు ఎనిమిది ఓట్ల తేడాతో పద్నాలుగో అంశం నెగ్గింది.

సాయంత్రం పోలీసు స్టేషను మెట్ల మీద కొరీన్‌కి నేను కోటు కప్పాను.

సభకు ఆటంకం కలిగించిందని ఆమె మీద కేసు నడుస్తోంది. తీర్మానాన్ని పరిశీలించడానికి గార్లండ్‌ని పెద్దగా పెట్టి కమిటీ వేశారు. పైపు ఇంకా మిల్లు వీధి చివరే ఆగి ఉంది.