విప్పేసిన కుట్టు

“సాయం ఆగుతుందట నాన్నా,” అంది కూతురు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

మిషను మీద వంగి ఉన్న టైలరుకు సగం మాట మోటారు చప్పుడులో కొట్టుకుపోయింది. మిగతా సగానికి ఆయనే అతుకు వేసుకున్నాడు. తల బయటపెట్టి, “సాయంత్రం కరెంటు ఆగుతుందటర్రోయ్,” అని వీధంతటికీ వినిపించాడు.

ఎదురు కొట్టు సెలూన్ బావ ఉలిక్కిపడ్డాడు. చుట్టరికమేమీ లేదు, వీధి మొత్తానికీ ఆయన బావే. ఇద్దరూ కోత మీద బతికేవాళ్లే, ఒకరిది బట్ట, ఇంకొకరిది జుట్టు. కరెంటు కోతంటే మాత్రం ఇద్దరికీ హడలు.

“కూర్చున్నావుగా, ఈ సాటిన్ గౌను చంక దగ్గర కుట్టు తప్పింది, విప్పిపెట్టు,” అన్నాడు టైలరు, లోపలికొచ్చి కూర్చున్న కూతురితో. కూతురు బ్లేడు ముక్క అందుకుంది. పొద్దున కాలేజీ ఆఫీసుకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోటికే ఎవరో కుట్టు వేసినట్టుంది. రెండు కుట్లు తెంపి అడిగింది.

“విప్పేసిన కుట్టు లెక్కలోకి వస్తుందా నాన్నా?”

“కుట్టే లేనప్పుడు లెక్కేంటమ్మా. తప్పిన కుట్టు మీద ఇంకో కుట్టు వెయ్యకూడదు. విప్పేస్తే బట్టకీ తెలీదు, వేసుకున్నవాడికీ తెలీదు.”

ఈ మాట ఆయన రోజుకోసారైనా అంటాడు. ఆ పిల్ల అది వింటూనే పెరిగింది. ఈసారి మాత్రం తల ఊపలేదు.

సాయంత్రమైంది. బల్బు వెలుగుతూనే ఉంది. ముందు సెలూన్ బావ వచ్చాడు, వెనకాలే మెడకు గుడ్డతో ఆయన కస్టమరు, ఆ వెనక నాలుగు కొట్ల వాళ్లు.

“ఏం బావా, జుట్టు కోసే మిషను మధ్యలో ఆగుతుందని కత్తెరతో కుస్తీ పట్టాను. ఈయనేమో ఓ పక్క కొత్తగా, ఓ పక్క పాతగా తయారయ్యాడు. ఇంతకీ కరెంటు ఎప్పుడు పోతుంది?”

“మా అమ్మాయే చెప్పింది. ఏమ్మా, సాయంత్రం ఆగుతుందన్నావు కదా?”

“సాయంత్రం కాదు నాన్నా. సాయం. కాలేజీ వాళ్లు నాకిచ్చే ఫీజు సాయం.”

టైలరు మిషను ఆపాడు. ఆ సాయం లేకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. అది అక్కడున్న అందరికీ తెలుసు.

“ఫెయిలయ్యావా?” మెల్లగా అడిగాడు.

“ఫెయిలైనా బాగుండేదేమో. పోయిన టర్ములో రెండు సబ్జెక్టులు కొరుకుడు పడలేదు. ఫెయిలై మచ్చ పడేకన్నా వాటిని మధ్యలో మానేస్తే జాడ ఉండదనుకున్నాను. కానీ సాయం ఇచ్చేవాళ్లు మొదలుపెట్టినవి ఎన్ని, పూర్తిచేసినవి ఎన్ని అని చూస్తారట. మానేసినవి కూడా మొదలుపెట్టినవాటిలోనే ఉండిపోయాయి.”

“సగం క్షవరమూ క్షవరమే అన్నమాట,” అన్నాడు సెలూన్ బావ. “ఆపేశానని ఊడిన జుట్టు మళ్లీ అతుక్కుంటుందా?”

కస్టమరు కంగారుగా అద్దం కోసం వెతుక్కున్నాడు.

టైలరు నవ్వలేదు. ఆయనకది సూదిలా దిగింది. కూతురి ఒళ్లోంచి గౌను తీసి బల్బుకు అడ్డంగా పట్టాడు. కుట్టు లేదు, దారం లేదు. సూది దిగిన చోటల్లా చిన్న చిన్న కన్నాలు, వరసగా, వెలుతురు కారుస్తూ. సాటిన్‌లో సూది కన్నం పూడదని ఆయనకు తెలియంది కాదు. ఇన్నేళ్లూ ఇంట్లో చెప్పుకొచ్చింది మాత్రం కన్నాలు పూడిపోయే నూలుబట్ట సంగతే.

“రేపు రమ్మన్నారు,” అంది కూతురు, ఆ కన్నాలనే చూస్తూ. “ఎందుకిలా చేశానో చెప్పుకోమన్నారు. నచ్చితే ఇంకో టర్ము సాయం ఇచ్చి చూస్తారట. వెళ్లకూడదనుకున్నాను. ఏమని చెప్పను, మా నాన్న కుట్లు విప్పమన్నాడనా?”

“అలాగే చెప్పు. నేనూ వస్తా.”

“వద్దు నాన్నా. నువ్వు చెప్పింది బట్ట గురించి. చదువుకు అతికించుకున్నది నేను. మానేసే ముందు ఆఫీసులో ఒక్కమాట అడగలేదు.”

“మరి ఇకముందో?” సెలూన్ బావ చేతులు కట్టుకుని ఆఫీసరు పోజు పెట్టాడు.

“తక్కువ సబ్జెక్టులు తీసుకుంటాను. తీసుకున్నవాటిని వదలను. అర్థంకాకపోతే ఆ రోజే అడుగుతాను.” పొద్దుటి నుంచీ లేని గొంతు ఇప్పుడు వచ్చింది.

“ఇదే మాట రేపు అక్కడా విప్పి చెప్పు కోడలా. ఈ విప్పడం లెక్కలోకి వచ్చినా మంచిదే.”

ఆ పిల్ల గౌను మడిచి పక్కన పెట్టింది. “పొద్దున్నే వెళ్తాను,” అంది.

ఇంతలో వీధి చివరి కొట్టాయన ఆయాసపడుతూ వచ్చాడు, చేతిలో కొవ్వొత్తుల కట్టతో. “కరెంటు పోలేదేంటి?”

టైలరు లేచి గుమ్మంలోకి వచ్చాడు. వీధంతటికీ వినపడేలా అన్నాడు. “కరెంటుకేం కాలేదండీ, పోయింది నా చెవి. ఆగుతోంది మా అమ్మాయికొచ్చే సాయం. రేపు వెళ్లి అడుగుతుంది.”

“మరి నా రెండో పక్క?” అన్నాడు కస్టమరు.

“పదండి,” అన్నాడు సెలూన్ బావ. “మొదలుపెట్టాను కదా.”