కదలని బల్లలు

ఆ లూథరన్ చర్చికీ, పక్కనున్న బడికీ మొదటి నుంచీ బల్లలు ఒకటే. తొలి పాదిరిగారు ఉన్న కర్రంతా పైకప్పుకే వాడేసి, బల్లల దగ్గరికొచ్చేసరికి తెల్లమొహం వేశారట. అప్పటి నుంచి శనివారం బడిలోంచి చర్చికి, ఆదివారం ఆశీర్వచనం కాగానే చర్చిలోంచి బడికి, అవే బల్లలు మోసుకోవడం. అక్కడివాళ్లకు ఆమేన్ అన్నాక చేతులు ఊరికే ఉండవు, వంగి బల్ల పట్టుకుంటాయి.

పెద్ద పంతులమ్మ ఆ బల్లల మీదే అక్షరాలు దిద్దింది. లూథరు ప్రశ్నోత్తరాలు అక్కడే వల్లె వేసింది, జుట్టు నెరిసేదాకా పిల్లల చేత వేయించింది. అలాంటి బడిని ఈ ఏడుతో మూసేద్దామని సంఘంలో తీర్మానం. పిల్లలు తగ్గిన మాట నిజమే. కానీ ఆ మాట తెచ్చినవాడెవరనుకున్నారు? ఆమె బెత్తం రుచి చూసినవాడే. పిండిమిల్లు నడిపే సంఘపెద్ద, మనవరాల్ని పట్నం బడిలో వేసిన మహానుభావుడు. చర్చికి కొత్త బల్లలు చేయించి, నేలకు బోల్టులు బిగించి, పాతవాటిని వరండాలో పడేయించాడు. రేపు వడ్రంగి వచ్చి పట్టుకుపోతాడు.

"ఇక మోత బాధ లేదు కదమ్మా," అన్నాడు పైగా.

"మొయ్యలేమని నీతో ఎవరు మొత్తుకున్నార్రా?" అంది పంతులమ్మ.

కొత్త బల్లల మీద తొలి ఆరాధన. వార్నిషు వాసన మధ్య పంతులమ్మకు వాక్యం చెవికెక్కలేదు. బల్లలు పోతే వెనకే బడీ పోతుంది. ఆపడానికి ఆమె దగ్గర మాటలు కూడా అయిపోయాయి.

పాస్టరుగారు చేతులెత్తి ఆశీర్వచనం చెప్పారు. సంఘమంతా ఆమేన్ అని, ఒక్కసారిగా వంగింది.

ముసలీ ముతకా, ఆడా మగా, అందరూ బల్లల చివర్లు పట్టుకుని ఒక్క ఊపున లేపబోయారు. బోల్టులు కిర్రుమన్నాయి గానీ ఒక్క బల్లా కదల్లేదు. దర్జీకి నడుం పట్టేసి "చచ్చాను!" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇక చూడాలి, పాస్టరుగారు సైతం పొట్ట పట్టుకున్నారు.

నవ్వనివాడు ఒక్కడే. మిల్లాయన ముందు వరుసలో ఇంకా వంగే ఉన్నాడు, తాను బిగించిన బల్లనే రెండు చేతులా పట్టుకుని. పంతులమ్మ అతని దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె కోపం ఎటుపోయిందో, ఒకప్పుడు బరువుకు తూలుతూ కూడా బల్ల వదలని పిల్లాడే కనిపించాడు.

"చేతులు మర్చిపోలేదమ్మా," అన్నాడు.

"నువ్వు మర్చిపోయావు."

"వడ్రంగిని రావద్దంటాను. బడి నడుపుదాం, సంఘానికి నేను చెబుతాను."

"బల్లలుంటే సరా? కూర్చునేదెవరు?"

అతను వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు. కోడలు తలూపింది.

"మా మనవరాలమ్మా," అన్నాడు.

పంతులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వరండాలోకి నడిచి, పాత బల్ల ఒక చివర పట్టుకుంది.

"నిలబడ్డావేంరా? ఆ చివర పట్టుకో. బడి గుమ్మం దగ్గర కాలు చూసుకో, ఎప్పుడూ అక్కడే తగిలించుకునేవాడివి."